అడవి పందిని కాల్చడానికి అనుమతి తెచ్చుకున్నాం: మా మక్క చేనులో 25 రోజులు

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్ చంద్రుడి మీద దిగుతుంటే ఊరంతా టీవీల ముందే ఉన్నాం. వారం రోజులుగా చేనులో మంచె మీదే పడుకుంటున్న మా మామ కూడా ఆ ఒక్క రాత్రి ఇంటి దగ్గరే ఉండిపోయాడు. మర్నాడు పొద్దున ఆరింటికి మోటరు వేద్దామని పోయాను. వాగు వైపు మూలన మక్క కనిపించలేదు. నా తలకంటే ఎత్తు పెరిగిన చేను అక్కడ చాప పరిచినట్టు నేలకు అంటుకుపోయి ఉంది.

దగ్గరికి పోయి చూశాను. కంకి పీచు తీసి వారం కూడా కాలేదు. గింజ ఇంకా నీళ్లలాగే ఉంది. అయినా ఒక్కో కంకి పొట్టు ఒలిచి, సగం కొరికి, మిగిలింది బురదలో తొక్కేశాయి. నమిలి ఊసిన పిప్పి కుప్పలు కుప్పలుగా పడి ఉంది. పైపు కారి తడిగా ఉన్న చోట నేలను ముట్టెతో తవ్విన తీరు చూస్తే నాగలి దున్నినట్టే ఉంది. ఆ తడి మట్టిలో గిట్టల ముద్రలు. రెండు పెద్ద వేళ్లు, వాటి వెనకాల రెండు చిన్న చుక్కలు. వాటి పక్కనే నా బొటనవేలంత ముద్రలు కూడా ఉన్నాయి. పిల్లలతో వచ్చాయన్న మాట.

అక్కడే గెట్టు మీద కూలబడి ఏడ్చాను. ఎంతసేపో గుర్తు లేదు.

మాది కామారెడ్డి జిల్లాలో అడవి అంచున ఉన్న ఊరు. నాలుగెకరాలు, ఒక బోరు. మా ఆయన ఆరేళ్లుగా మస్కట్‌లో పని చేస్తున్నాడు. ఇక్కడ నేను, ఇద్దరు పిల్లలు, 67 ఏళ్ల మామ. జూన్‌లో వానలు ఆలస్యమై 27న గింజ వేశాం. విత్తనం, ఎరువు, కలుపు, మందులు అన్నీ కలిపి అప్పటికే 68 వేలు మట్టిలో పెట్టాం. జులై ఆఖర్లో కుండపోత కురిసింది. ఆ తర్వాత ఆగస్టు అంతా చుక్క పడలేదు. రాత్రీ పగలూ బోరు నీళ్లు కట్టి బతికించిన చేను అది. చుట్టూ నేల ఎండిపోయి మా చేను ఒక్కటే తడిగా ఉండటం కూడా పందులను పిలిచిందని తర్వాత అటవీ శాఖ బీట్ ఆఫీసర్ చెబితే తెలిసింది. వాటికి తిండి ఎంత అవసరమో పొర్లడానికి బురద కూడా అంతే అవసరమట.

మొదటి నాలుగు రోజులు అందరూ చేసేవే మేమూ చేశాం. పాత చీరలు గెట్టు చుట్టూ కట్టాం. మంగలి షాపు నుంచి రెండు సంచుల వెంట్రుకలు తెచ్చి చేను చుట్టూ చల్లాం. పంది నేల వాసన చూస్తూ నడుస్తుంది కాబట్టి వెంట్రుకలు ముక్కులోకి పోయి వెనక్కి తిరుగుతుందని రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు కూడా చెప్పే పద్ధతే ఇది. మా దగ్గర నిజంగానే రెండు రాత్రులు పని చేసింది. కుక్క అరుపులు వచ్చే మైకు 1,800 పెట్టి కొన్నాం. మూడో రాత్రికల్లా అవి ఆ మైకు కిందే తిరిగాయి. ఆగస్టు 27 పొద్దునకి ఇంకో పావు ఎకరం పోయింది.

28న, సోమవారం, గ్రామ పంచాయతీకి పోయాను. అడవి పందిని చంపడం నేరమని మాత్రమే నాకు తెలుసు. పంటకు నష్టం చేస్తుంటే చట్టప్రకారమే అనుమతి తీసుకుని చంపించే దారి ఉందని అక్కడే మొదటిసారి విన్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 11వ సెక్షన్ అట. మా రాష్ట్రంలో ఆ అనుమతి సర్పంచ్ దగ్గరే ఇచ్చే వీలు కల్పించారు. అయితే తుపాకి ఉన్నవాడు ఎవడు పడితే వాడు వచ్చి కాల్చడానికి లేదు. అటవీ శాఖ జాబితాలో ఉన్న షూటరే రావాలి.

ఆ మాట వినగానే రెండు రోజుల్లో పని అయిపోతుందనుకుని ఇంటికొచ్చి మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. ఆ అర్జీ పెట్టిన రోజు నుంచి తుపాకి మా చేనులోకి రావడానికి 17 రోజులు పట్టింది.

మొదటి అర్జీ నా పేరు మీద రాశాను. పాసుపుస్తకం మామ పేరు మీద ఉంది కాబట్టి అది చెల్లదన్నారు. మామ సంతకంతో మళ్లీ రాశాం. ఫోన్‌లో తీసిన ఫొటోలు ఇస్తే, తేదీ, చోటు ఫొటో మీదే కనిపించాలన్నారు. అది కూడా న్యాయమే, ఎవరి చేనో ఎవరికి తెలుస్తుంది? మా తమ్ముడు ఫోన్‌లో ఏదో యాప్ వేసి ఇచ్చాడు, మళ్లీ పోయి తీశాను. నష్టం జరిగిన మొదటి రోజే అలాంటి ఫొటోలు తీసి పెట్టుకోండి. నేను తీసేనాటికి మొదటి రోజు పడిన మక్క ఎండి రంగు మారిపోయింది, అది పందులు తొక్కిందో, గాలికి పడిందో ఫొటోలో చూసి చెప్పడం కష్టం.

రాఖీ పండుగ వచ్చింది, రెండు రోజులు ఎవరూ దొరకలేదు. సెప్టెంబరు 1న ఏఈఓ (వ్యవసాయ విస్తరణాధికారి) మేడమ్ వచ్చి చేను చూసి, ముప్పావు ఎకరం పైనే నష్టమని రాసింది. బీట్ ఆఫీసర్ 4న వస్తానన్నాడు. ఆ రోజే వాన మొదలైంది. ఆగస్టంతా ఎదురుచూసిన వాన. చేనుకు ప్రాణం లేచొచ్చింది, నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే గిట్టల ముద్రలన్నీ కొట్టుకుపోయాయి, చల్లిన వెంట్రుకలూ పోయాయి. ఆయన 8న వచ్చాడు. ముద్రలు ఏవని అడిగితే ఏం చూపించాలా అని భయపడ్డాను. ఆయన వాటి కోసం చూడనే లేదు. నేరుగా వాగు ఒడ్డున ఉన్న మోదుగ చెట్టు దగ్గరికి పోయి కాండం చూపించాడు. మోకాలంత ఎత్తు వరకు బురద ఎండి గారలా అంటుకుని ఉంది, దాని మధ్యలో నల్లటి గట్టి వెంట్రుకలు. పంది బురదలో పొర్లి వచ్చి ఒళ్లు రుద్దుకునే చెట్టు అది. "ఆరేడు ఉంటయి అమ్మా, ఒకటి మాత్రం పెద్దది" అన్నాడు. నాలుగేళ్లుగా ఆ చెట్టు కిందే కూర్చుని అన్నం తింటున్నాను, ఎప్పుడూ గమనించలేదు.

ఈ మధ్యలో జరిగిన ఒక విషయం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాయడమే మంచిదనిపించింది.

ఆగస్టు 29 రాత్రి పక్క చేను అన్న వచ్చాడు. ఆయనకూ మక్కే, ఆయనకూ నష్టమే. "చెల్లే, ఈ కాయితాలతోని ఏం గాదు. తీగ నా దగ్గరున్నది. ఒక్క రాత్రి కరెంటు పెడితే పీడ పోతది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నాకు సాయం చేద్దామనే వచ్చాడు. మూడు రాత్రులుగా నిద్ర లేదు, పిల్లలకు వేళకు వండిపెట్టలేదు, ఆ పొద్దున్నే ఎరువుల షాపాయన బాకీ అడిగి పోయాడు. నేను సరే అనబోయాను. నోటి దాకా వచ్చింది.

మామ మంచం మీద నుంచే అన్నాడు. "వద్దు బిడ్డా. చీకట్ల తీగకు పందేదో మనిషేదో ఎర్కుంటదా? తెల్లారగట్ల మోటరు పెట్టనీకి ఎవలొస్తరో ఏమో." తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. పందుల కోసం పెట్టిన తీగ తగిలి రైతులే చనిపోయిన వార్తలు ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. మా చుట్టుపక్కల కూడా జరిగింది. ఆ ఇంటి ఆడమనిషిని నేను సంతలో చూస్తుంటాను. ఆ రాత్రి అదంతా తెలిసి కూడా నేను సరే అనబోయానంటే, నిద్ర లేని మనిషి ఎంతకు తెగిస్తుందో అర్థమైంది. తీగ పెట్టమని ఎవరైనా వస్తే ఆ రాత్రికి ఏ మాటా ఇవ్వకండి, పడుకుని లేచాక మాట్లాడండి.

సెప్టెంబరు 11న సర్పంచ్ సంతకంతో అనుమతి పత్రం చేతికొచ్చింది. ఒక్క పేజీ. అందులో షరతులే ఎక్కువ. పట్టా పొలంలోనే కాల్చాలి, అడవి హద్దు దాటకూడదు, పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పాలి, చచ్చిన పందిని అటవీ సిబ్బంది ఎదుట పంచనామా చేసి పూడ్చాలి, మాంసం ఎవరూ ముట్టకూడదు. చనిపోయిన అడవి పంది ప్రభుత్వ ఆస్తి కిందికే వస్తుంది. షూటర్‌కు నేనే ఫోన్ చేశాను. హైదరాబాద్ నుంచి రావాలి. అప్పటికే ఇంకో రెండు ఊళ్ల వాళ్లు పిలిచారు, 14న వస్తానన్నాడు. ఆ మూడు రాత్రులు ఇద్దరు కూలీలను కాపలా పెట్టాం, అంతకుముందు రెండు రాత్రులు కూడా పెట్టాం, ఒక్కొక్కరికి రాత్రికి 400.

14న పోలాల అమావాస్య. ఊళ్లో ఎడ్లకు రంగులేస్తున్నారు. మధ్యాహ్నం మూడింటికి జీపు వచ్చింది. నేను మీసాలు మెలేసిన మనిషి దిగుతాడనుకున్నాను. అరవై దాటిన సన్నటి పెద్దమనిషి, కళ్లద్దాలు పెట్టుకుని దిగాడు. వెంట ఒక కుర్రాడు. తుపాకి సంచి తెరవనే లేదు. ముందు చేను చుట్టూ రెండుసార్లు నడిచాడు. జేబులోంచి కాస్త బూడిద తీసి గాలిలోకి వదిలి ఎటు పోతుందో చూశాడు. పందికి చూపు తక్కువ, ముక్కు మాత్రం చాలా పదును. గాలి మన వైపు నుంచి వాటి వైపు పోతే ఎంతసేపు కూర్చున్నా లాభం లేదట. బీడీలు వద్దన్నాడు. సెంటు, కొబ్బరి నూనె, అగరుబత్తి ఏదీ వద్దన్నాడు. దోమల కోసం పెట్టుకునే బత్తి కూడా వద్దనేసరికి మా తమ్ముడు నీరసపడిపోయాడు.

కాల్పులంటే చేనులోకి దిగి వెంటాడతారని నేను ఊహించుకున్నాను. అదేమీ లేదు. నిలబడి ఉన్న మక్కలో నాలుగడుగుల అవతల ఏముందో ఎవరికీ కనిపించదు. చేనులోకి తుపాకి పేల్చడమంటే అవతల ఎవరున్నారో తెలియకుండా పేల్చడమే. అందుకే వాగు దాటి చేనులోకి వచ్చే దారి ఒకటి ఎంచుకున్నాడు. మామ మంచెనే ఇంకో రెండడుగులు ఎత్తు కట్టించాడు. పై నుంచి కిందికి కాలిస్తే గుండు తప్పినా మట్టిలోకే పోతుంది, ఎటో ఎగిరిపోదు. ఆ సాయంత్రం పంచాయతీ వాళ్లు డప్పు చాటింపు వేశారు. రాత్రి ఎనిమిది నుంచి తెల్లారే దాకా వాగు వైపు ఎవరూ రావద్దు, మోటర్లు ముందే వేసుకోవాలి, కుక్కల్ని కట్టేసుకోవాలి అని. చుట్టుపక్కల చేన్ల వాళ్లందరి ఇళ్లకు నేను స్వయంగా పోయి చెప్పాను. షూటర్ అడిగింది ఆ ఒక్క విషయమే, "అమ్మా, మీరు చెప్పారా, ఎవరితోనో చెప్పించారా?" అని రెండుసార్లు అడిగాడు.

మంచె మీద షూటర్, కుర్రాడు. బోరు దగ్గర రేకుల కొట్టంలో నేను, మా తమ్ముడు, మామ. ఇంట్లో ఉండమన్నారు, నా వల్ల కాలేదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, కొంగు కింద పెట్టుకుని చూస్తున్నాను. మస్కట్ నుంచి మా ఆయన మెసేజ్‌లు, "వచ్చినయా?", మళ్లీ గంటకు "వచ్చినయా?" రాలేదు. ఆ రాత్రి ఏమీ రాలేదు. తెల్లారి పిల్లల్ని బడికి పంపి పడుకుందామంటే నిద్ర పట్టలేదు.

రెండో రాత్రి, 15న, పదకొండున్నర ప్రాంతంలో వాగు వైపు చప్పుడైంది. మొదట తడి మట్టిలో కాలు పీకినట్టు, తర్వాత సన్నగా గురగుర. నా గుండె చప్పుడు మా తమ్ముడికి వినిపిస్తుందేమో అనిపించింది. ఎర్ర లైటు ఒక్క క్షణం వెలిగి ఆరింది. తుపాకి పేలుతుందని చెవులు మూసుకున్నాను. పేలలేదు. కాసేపటికి చేనులో కంకులు విరుస్తున్న చప్పుడు. పట్ పట్ పట్. నా చేనులో నేను అక్కడే కూర్చుని ఉండగా తింటున్నాయి. ఆయన కాల్చడం లేదు.

పొద్దున కోపం ఆపుకోలేక అడిగేశాను. ఆయన శాంతంగా చెప్పాడు. ముందు నడిచింది తల్లి, దాని వెనక నాలుగు పిల్లలు, వీపు మీద చారలు ఇంకా పోని పిల్లలు. తల్లిని కాలిస్తే ఆ నాలుగూ రెండు మూడు రోజులు ఆకలితో చేనంతా తిరిగి చస్తాయి, "నేను కాల్చను అమ్మా, మీరు వద్దంటే వెళ్లిపోతాను" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. నా మక్క పోయిన బాధ ఆయనకు లేదనిపించింది అప్పుడు. ఇద్దరు పిల్లల తల్లినై ఉండి కూడా ఆ పొద్దున నాకు ఆ తల్లి పంది మీద జాలి రాలేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మూడో రాత్రి, 16. ఆయన ఉండే ఆఖరి రాత్రి, 18న వినాయక చవితి కాబట్టి ఇంటికి పోవాలి. రెండు గంటల నలభై నిమిషాలకు ఒక్కటే వచ్చింది. ఈసారి గురగుర లేదు, పిల్లల చప్పుడు లేదు. బరువైన అడుగులు, మధ్యలో ఆగి వినడం, మళ్లీ రెండు అడుగులు. ఎర్ర లైటు వెలిగింది. పేలింది. పొలంలో తుపాకి చప్పుడు సినిమాలో విన్నట్టు ఉండదు. ఒళ్లంతా తగులుతుంది. వాగు అవతలి గుట్టకు కొట్టుకుని మళ్లీ వచ్చింది. ఊళ్లో కుక్కలన్నీ ఒక్కసారి లేచాయి. దాని వెంటే కంప విరిచుకుంటూ ఏదో పరుగెత్తిన చప్పుడు.

తగిలిందని ఆయన అన్నాడు. అయినా మంచె దిగలేదు, మమ్మల్ని కొట్టం దాటనివ్వలేదు. గాయపడిన మగపంది చీకట్లో మనిషి మీదికి వస్తుందట, కోరలు తొడ దగ్గర చీలుస్తాయట. మూడు గంటలకు పైగా అట్లాగే కూర్చున్నాం. ఈ మూడు రాత్రుల్లో నాకు అన్నిటికంటే కష్టమైంది ఆ మూడు గంటలే. చచ్చిందో లేదో, ఎక్కడ పడి కొట్టుకుంటోందో, ఎవరి చేనులో ఉందో, తెల్లారగట్ల ఎవరైనా అటు వస్తారో. చావనివ్వమనో, బతికి పోనివ్వమనో దేవుడిని ఏం అడగాలో తెలియలేదు.

ఆరుంబావుకి వెలుతురు వచ్చాక షూటర్ ముందు, మేం వెనకాల. మక్క ఆకు మీద మొదటి చుక్క. తర్వాత గెట్టు రాయి మీద. నూటయాభై అడుగులు కూడా లేదు, పక్క చేను అన్న బీడులో తంగేడు పొద కింద పడి ఉంది. ఒకే గుండు, భుజం వెనకాల. పరుగెత్తినంత సేపే బతికి ఉందని ఆయన అన్నాడు.

అంత దగ్గర నుంచి అడవి పందిని ఎప్పుడూ చూడలేదు. దూరం నుంచి నల్లగా కనిపిస్తుంది కానీ నలుపు కాదు, వెంట్రుకల కొసలు బూడిద రంగులో ఉన్నాయి. వీపు మీద నిటారుగా చీపురు పుల్లల్లాంటి జూలు. చెవి వెనక పిడుదులు. కోర ఒకటి కొస విరిగి ఉంది. నోటి పక్కన మక్క పీచు తీగ ఒకటి అంటుకుని, ఇంకా తడిగా ఉంది. ఇన్ని రోజులు దీన్ని తిట్టుకుంటూ పడుకున్నాను, తిట్టుకుంటూ లేచాను. ఎదురుగా చూసేసరికి సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. మామ తల గుడ్డ తీసి పక్కన పెట్టి, కాసేపు అట్లాగే నిలబడ్డాడు.

తొమ్మిదింటికి బీట్ ఆఫీసర్ వచ్చాడు. టేపుతో కొలిచారు, ముట్టె నుంచి తోక మొదలు దాకా 4 అడుగుల 10 అంగుళాలు. ఫొటోలు, పంచనామా, ఐదుగురి సంతకాలు. అప్పటికి ఊరు సగం అక్కడే ఉంది. కొందరు మాంసం అడిగారు, పూడ్చిపెట్టడం దేనికని గొణిగారు, ఒకరిద్దరు నా మీద కోపం తెచ్చుకున్నారు. ఇది ముందే ఊహించి ఉంటే చాటింపులోనే చెప్పించేదాన్ని. జేసీబీ పిలిపించి ఆరడుగుల గుంత తీయించాం, గంటకు 1,200. పంచాయతీ వాళ్లు బ్లీచింగ్ పౌడరు చల్లారు, రాత్రికి ఎవరూ తవ్వి తీయకుండా పైన రాళ్లు పేర్పించారు. షూటర్ తూటాలకు గాని, రాత్రులకు గాని రూపాయి అడగలేదు. డీజిల్‌కు 3,500 నేనే బలవంతం మీద ఇచ్చాను. మైకు, కాపలా కూలీలు, జేసీబీ, ఆటోలు, జిరాక్సులు అన్నీ కలిపి మాకు 11,350 అయింది.

తొమ్మిది రాత్రులు చేను వైపు ఏదీ రాలేదు. ఆ తొమ్మిది రాత్రులూ హాయిగా పడుకున్నాను. సెప్టెంబరు 26న మళ్లీ వచ్చాయి, ఈసారి గుట్ట వైపు నుంచి. పిల్లలున్న మందే. మళ్లీ షూటర్‌కు ఫోన్ చేస్తే అక్టోబరు 10 తర్వాత వస్తానన్నాడు. అక్టోబరు 9న అసెంబ్లీ ఎన్నికల ప్రకటన వచ్చింది. కోడ్ రాగానే లైసెన్స్ తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. ఆయనవి కూడా అప్పగించేశాడు. ఎన్నికలకూ నా మక్కకూ ఇలాంటి సంబంధం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. ఇక వేరే దారి లేక, ఇంకో పది రోజులు ఉండాల్సిన చేనును 15, 16, 17 తేదీల్లో కోసేశాం. ఊళ్లో బతుకమ్మ ఆడుతుంటే మేం టార్పాలిన్ల మీద కంకులు తిరగేస్తున్నాం. తేమ 14 శాతానికి దిగితే గాని మద్దతు ధరకు తీసుకోరు, మావి ఎండడానికి పది రోజులు పట్టింది.

నాలుగెకరాలకు 96 క్వింటాళ్లు వస్తాయని లెక్క వేసుకున్నాం. 61 వచ్చాయి. ఆ ఏడాది మద్దతు ధర 2,090. పోయిన 35 క్వింటాళ్ల విలువ 73 వేలు దాటింది. నష్టపరిహారానికి వేరే అర్జీ, వేరే ఫొటోలు, అదే పాసుపుస్తకం. కాల్చే అనుమతికి ఇచ్చిన కాయితాలు దానికి పనికిరావు, రెండు సెట్లు ఒకేసారి జిరాక్స్ తీసుకోవాల్సింది. సెప్టెంబరు 20న ఇచ్చాను. ఇది రాస్తున్న 2024 ఫిబ్రవరి నాటికి డబ్బు రాలేదు. రసీదు మాత్రం దాచుకున్నాను, నెలకోసారి పోయి అడుగుతున్నాను.

ఇప్పుడైతే గింజ మొలకెత్తగానే అర్జీ రాసి పెట్టుకుంటాను. కంకి వేసే వారం ముందే అధికారులను చేను చుట్టూ తిప్పుతాను. పందులు వచ్చాక మొదలుపెడితే కాయితం చేతికి వచ్చేసరికి తినడానికి కంకులు ఉండవు. ఇంకో సంగతి, 2024 ఫిబ్రవరి 1తో సర్పంచుల పదవీకాలం అయిపోయింది, పంచాయతీలకు ప్రత్యేకాధికారులు వచ్చారు. వచ్చే వానాకాలం నా కాయితం మీద సంతకం ఎవరిదని మొన్న పంచాయతీకి పోయి అడిగాను. ఆ ప్రత్యేకాధికారి పేరు, ఆయన ఏ రోజుల్లో వస్తారో రాసుకొచ్చాను.

డిసెంబరులో మా ఆయన పంపిన డబ్బుతో రెండెకరాలకు సోలార్ కంచె వేయించాం, 38 వేలు. దీనికీ మోటరు కరెంటు తీగకూ చాలా తేడా ఉంది. డబ్బాలోంచి సెకనుకోసారి చిన్న దెబ్బ వచ్చి పోతుంది, తగిలితే చెయ్యి ఝల్లుమంటుంది, ప్రాణం పోదు. నేనే పట్టుకుని చూశాను. గడ్డి పెరిగి తీగకు తగిలితే మాత్రం దాని బలమంతా నేలలోకి పోతుంది. అమ్మినవాళ్లు ఈ మాట చెప్పలేదు. జనవరిలో ఒక వారం గడ్డి కోయకపోతే పందులు కింది తీగ ఎత్తుకుని దూరాయి. ఇప్పుడు ప్రతి శనివారం కొడవలి పట్టుకుని చుట్టూ తిరుగుతున్నాను.

మామ మాత్రం మంచె దిగడం లేదు. కంచె ఉంది కదా మామా, ఇంట్ల పడుకోరాదా అంటే వినడు. నిన్న పొద్దున ఆయనకు చాయ్ తీసుకుని పోయాను. తీగ అవతల వాగు తడిలో ముద్రలు ఉన్నాయి. పెద్దవి ఒకదాని, చిన్నవి నాలుగింటివి. చిన్నవి ఇప్పుడు అంత చిన్నగా లేవు. మామ అప్పటికే చూశాడు, వాటి పక్కన పుల్ల గుచ్చి పెట్టాడు, నేను ఫొటో తీయాలని.